వీధి దీపం కింద పూయని కంది

దీపావళి పోయిన రెండో వారం ఊరికి వెళ్తే, చిన్నబాపు నన్ను మంచినీళ్లు కూడా తాగనియ్యకుండా నేరుగా చేనుకు తీసుకుపోయాడు. పరకాల రోడ్డు పక్కన ఎకరంన్నర పత్తి. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది. కంది నిండా పసుపు పచ్చని పూత, తేనెటీగల మోత రోడ్డు దాకా వినిపిస్తోంది. ఒక్క మూలే తేడాగా ఉంది. గట్టు మీది కరెంటు స్తంభం చుట్టూ పది పన్నెండు చెట్లు మనిషెత్తు దాటి, నల్లగా అనిపించేంత పచ్చగా, పేరుకు ఒక్క పువ్వు లేకుండా నిలబడ్డాయి.

"విత్తనం అదే, మందు అదే, వాన అదే. ఇవెందుకు పూత పట్టలే? నువ్వు పిల్లలకు చెట్ల సదువే గద చెప్పేది, చెప్పు మరి" అన్నాడు.

తల ఎత్తి చూశాను. స్తంభానికి రెండేళ్ల కింద పెట్టిన తెల్లని ఎల్‌ఈడీ దీపం ఉంది. మోటరు కొట్టం గోడ చాటున, ఆ వెలుగు పడని చోట రెండు కంది చెట్లున్నాయి. అవి మాత్రం విరగబూశాయి. స్తంభానికి అంత దగ్గర్లో ఉండి కూడా.

"దీపం వల్లనే చిన్నబాపూ. రాత్రి ఎప్పుడు మొదలైతుందో ఎప్పుడు ఐపోతుందో వీటికి తెలుస్తలేదు."

ఆయన కాసేపు దీపం వైపు, కాసేపు కంది వైపు చూశాడు. "మరి నిరుడు ఇదే దీపం కింద మక్క పెడితే కంకులు మంచిగనే పట్టినై గదా. మక్కకు కనబడని లైటు కందికి కనబడ్డదా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. గట్టు మీద నిలబడి నేను చెప్పింది అందులో సగం జవాబే. మిగతా సగం చెప్పాలంటే మొక్క వెలుతురును ఎలా చదువుతుందో, ఆ చదువు ఒక్క అక్షరం తప్పుతో ఎలా మారిపోతుందో మొదటి నుంచి చెప్పుకోవాలి.

బడిలో మనకు చెప్పింది ఒకటే. వెలుతురు మొక్కకు తిండి. ఆకులోని పత్రహరితం ఎండను పట్టి పిండిపదార్థం చేస్తుంది. అది అబద్ధం కాదు, కానీ వెలుతురు మొక్కకు కబురు కూడా. పొద్దు పొడిచిందా, పొద్దుగూకిందా, రాత్రి ఎంత పొడుగుంది, పక్కన ఇంకో మొక్క పెరుగుతోందా, నేను మట్టి లోపలే ఉన్నానా బయటపడ్డానా అన్న సంగతులన్నీ మొక్కకు వెలుతురే చెబుతుంది. ఈ కబురు అందుకునేది పత్రహరితం కాదు, దానికి వేరే ఏర్పాటు ఉంది. పెళ్లి పత్రికతో కడుపు నిండదు గానీ ఏ రోజు బయల్దేరాలో తెలుస్తుంది కదా. వీధి దీపం వెలుగులో ఆకు వండుకునే తిండి గుప్పెడు కూడా ఉండదు, కబురుకు మాత్రం ఆ వెలుగు చాలా ఎక్కువ.

తిండి వేరు, కబురు వేరు అనడానికి రుజువు వంటింట్లోనే ఉంది. నానబెట్టిన పెసలు తడిగుడ్డలో మూటకట్టి, గిన్నె మూసి నాలుగు రోజులు వదిలేయండి. తెల్లగా, సన్నగా, పొడుగ్గా సాగిన కాడలు, చివర కొక్కెంలా వంగిన మెడ, రెక్కలు ముడుచుకున్న లేత పసుపు పప్పు బద్దలు కనిపిస్తాయి. అవే పెసలు ఎండ తగిలే కిటికీలో మొలిస్తే కాడ పొట్టిగా, గట్టిగా ఉంటుంది, మెడ నిటారుగా లేస్తుంది, ఆకులు విచ్చుకుని పచ్చబడతాయి. గింజ ఒకటే, జన్యువులు ఒకటే. చీకట్లోని మొలక "ఇంకా మట్టిలోనే ఉన్నాను, ఉన్న శక్తంతా కాడ మీద పెట్టి పైకి పోవాలి" అని లెక్క వేసుకుంటుంది. క్లాసులో ఇది చెబుతుంటే, తీజ్ పండుగకు తండాలో గంపల నిండా గోధుమ మొలకలు పెంచే ఇంటి పిల్ల ఒకతె లేచింది. "సారూ, మొలకలు ఎంత ఏపుగా ఎదిగితే అంత మంచి మొగుడు వస్తడంటరు. గంప మీద గుడ్డ కప్పితే ఐపాయె గదా" అంది. పొడుగు వరకు ఆ పిల్ల మాటే రైటు. ఏపు మాత్రం వెలుతురు లేకుండా రాదు.

ఈ కబురు అందుకునే అణువు దొరికింది లెట్యూస్ అనే ఆకుకూర గింజల పుణ్యమా అని. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్, వారి సహచరులు 1952లో ఒక వింత ప్రచురించారు. చీకట్లో నానిన లెట్యూస్ గింజల మీద కాసేపు ఎరుపు వెలుతురు వేస్తే అవి మొలిచాయి. ఎరుపు వేసిన వెంటనే, మన కంటికి ఆనీ ఆనని ముదురు ఎరుపు వేస్తే మొలవలేదు. దీన్నే శాస్త్రజ్ఞులు ఫార్‌రెడ్ అంటారు, ఎరుపు హద్దు దాటాక వచ్చే వెలుగు. మళ్లీ ఎరుపు వేస్తే మొలిచాయి, మళ్లీ ఫార్‌రెడ్ వేస్తే ఆగిపోయాయి. ఎన్నిసార్లు మార్చి వేసినా ఆఖరున పడిన వెలుతురు మాటే చెల్లింది. గోడ మీది స్విచ్చు ఇంతకంటే వేరేగా పనిచేస్తుందా? 1959లో అదే కేంద్రంలో వారెన్ బట్లర్ బృందం చీకట్లో పెంచిన మక్క మొలకల్లో ఆ స్విచ్చును పరికరంతో పట్టుకుంది. దానికి ఫైటోక్రోమ్ అని పేరు స్థిరపడింది. గ్రీకులో ఆ మాటకు మొక్క రంగు అని అర్థం.

ఫైటోక్రోమ్ ఒక పెద్ద ప్రొటీన్. దాని కడుపులో చిన్న రంగు పదార్థం ఒకటి అతుక్కుని ఉంటుంది. వెలుతురును పట్టేది ఆ రంగే. దాని పుట్టుక చెబితే మా విద్యార్థులు నమ్మరు. మోకాలికి దెబ్బ తగిలితే మొదట నల్లగా కములుతుంది, నాలుగైదు రోజులకు ఆకుపచ్చగా తిరుగుతుంది, ఆ తర్వాత పసుపు పడుతుంది. ఆ ఆకుపచ్చ బిలివెర్డిన్, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ విరిగితే వచ్చేది. దాన్నుంచే బిలిరుబిన్ వస్తుంది, పసిరికలు అయినప్పుడు కళ్లను పచ్చబరిచేది అదే. మొక్క కూడా హీమ్‌ను అదే తీరు ఎంజైముతో విరిచి బిలివెర్డిన్ చేసుకుంటుంది, దాన్ని ఇంకొంచెం మార్చి తన కంటికి పెట్టుకుంటుంది. మన ఒంట్లో కమిలిన మచ్చ రంగు, మొక్కలో కంటి పాప అన్నమాట.

ఎరుపు వెలుతురు, అంటే తరంగదైర్ఘ్యం దాదాపు 660 నానోమీటర్లున్నది, తగిలితే ఆ రంగు మెలితిరుగుతుంది. దాంతో ప్రొటీన్ మొత్తం రూపు మార్చుకుని "పని మీదున్న" స్థితికి వస్తుంది. 730 దగ్గరి ఫార్‌రెడ్ తగిలితే మళ్లీ పాత రూపుకు పోతుంది. చీకట్లో కూడా దానంతట అదే మెల్లగా వెనక్కి జారుతుంది, వేడి ఎక్కువైతే త్వరగా జారుతుంది. అందుకే ఫైటోక్రోమ్ రకాల్లో ఒకటైన ఫైటోక్రోమ్ బి వెలుతురుకే కాదు, వేడికి కూడా కొలబద్ద అని 2016లో రెండు బృందాలు వేర్వేరుగా తేల్చాయి. మే నెల రాత్రుల్లో నారు ఎందుకు సన్నగా సాగుతుందో ఆలోచించేవారికి ఇదో ఆధారం.

పని మీదున్న ఫైటోక్రోమ్ బి కణంలోని కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ పిఫ్ అనే ప్రొటీన్లుంటాయి. వీటిలో మొదటిది 1998లో కాలిఫోర్నియాలో పీటర్ క్వెయిల్ బృందానికి దొరికింది. "సాగు, సాగు, ఇంకా పొడుగు సాగు" అని కాడను అదిలించే గుమాస్తాలు ఇవి. ఫైటోక్రోమ్ వచ్చి వీటిని పట్టుకుంటే కణం వీటిని ముక్కలు చేసి పారేస్తుంది, కాడ సాగడం ఆగుతుంది. చీకటైతే ఫైటోక్రోమ్ పని ఆపుతుంది, గుమాస్తాలు మళ్లీ పుస్తకాలు తెరుస్తారు. గిన్నెలోని తెల్లటి పెసర కాడ పిఫ్‌ల రాజ్యం, కిటికీలోనిది ఫైటోక్రోమ్ రాజ్యం.

ఒత్తుగా విత్తిన చేనులో జరిగేదీ ఇదే. ఆకు ఎరుపును తాగేసి ఫార్‌రెడ్‌ను వదిలేస్తుంది. బయట ఎండలో ఆ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, దట్టమైన ఆకుల కింద ఎరుపు బాగా తరిగిపోతుంది. నీడ పూర్తిగా పడకముందే, పక్క మొక్క ఆకుల మీది నుంచి తిరిగొచ్చే ఫార్‌రెడ్‌తోనే మొక్క "పోటీదారు వచ్చాడు" అని పసిగడుతుంది. కాడ పెంచుతుంది, పిలకలు తగ్గిస్తుంది. విత్తనం ఎక్కువ చల్లితే పంట సన్నగా, ఎత్తుగా పెరిగి గాలికి పడిపోతుందని మన పెద్దవాళ్లకు తెలుసు. కారణం ఎరువు తక్కువ కావడం ఒక్కటే కాదు, చూపు కూడా.

ఇక రాత్రి సంగతి. వరంగల్ అక్షాంశంలో జూన్ చివర రాత్రి 11 గంటల లోపే, డిసెంబరులో 13 గంటలకు దగ్గర. తేడా రెండు గంటలే అయినా ఈ నేల మీద పుట్టిపెరిగిన చాలా మొక్కలు ఆ రెండు గంటలనే పట్టుకుని రుతువును లెక్కగడతాయి. గునుగు, చామంతి బతుకమ్మ రోజులకు పూతకు రావడం వెనక ఈ లెక్క ఉంది. వానలు ముందొచ్చినా వెనకొచ్చినా రాత్రి పొడుగు మాట తప్పదు. మొక్క కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని 1938లో షికాగోలో కార్ల్ హామ్నర్, జేమ్స్ బోనర్ చూపించారు. వాళ్లు వాడిన మొక్క మన గట్ల మీద లుంగీకి ముళ్లకాయలు అంటించే మరులమాతంగి. దానికి పెద్ద రాత్రి ఒక్కటి దొరికినా పూతకు దిగుతుంది. ఆ రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వేస్తే మాత్రం రాత్రి రెండు ముక్కలై లెక్క తప్పుతుంది. మధ్యరాత్రి వేసే వెలుగుల్లో అన్నిటికంటే బాగా పనిచేసేది ఎరుపేనని, వెంటనే ఫార్‌రెడ్ వేస్తే దాని ప్రభావం చెరిగిపోతుందని తర్వాత తెలిసింది. అంటే కాపలా కాసేది ఫైటోక్రోమే. దానికి తోడు మొక్క లోపలి గడియారం ఒకటి నడుస్తుంటుంది. ఈ రెంటి మాట కలిస్తేనే పూత. తెల్లని ఎల్‌ఈడీ దీపంలో ఎరుపు పాలు కూడా ఉంటుంది. చిన్నబాపు కంది రాత్రంతా "ఇంకా పొద్దు పోలేదు, ఇది ఆషాఢమే" అనుకుంటూ ఆకులు పెంచుకుంటోంది.

ఇక్కడిదాకా మార్పు బయటిది. దీపం తీసేస్తే కంది దారికొస్తుంది. ఆ చెట్ల గింజ వేరేచోట వేస్తే మామూలుగానే పూస్తుంది. దీపం దాని జన్యువులను ముట్టుకోలేదు. ఉత్పరివర్తనం, అంటే మ్యుటేషన్, వేరే సంగతి. అది బయటి వెలుతురును మార్చదు, వెలుతురును చదివే కన్నునే మారుస్తుంది, ఆ మారిన కన్ను గింజలోకి దిగి బిడ్డలకు పోతుంది.

డీఎన్‌ఏలో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. కణం వాటిని మూడేసి చొప్పున చదువుతుంది, మూడక్షరాల మాట ఒక్కోదానికి ఒక అమైనో ఆమ్లం చేరుస్తూ ప్రొటీన్ అల్లుతుంది. మూడక్షరాల మాటలతోనే తెలుగులో ఒక వాక్యం రాసుకుందాం.

అరక కట్టిన రైతుకు వానలు కావాలి.

"రైతుకు" బదులు "రైతుకి" అని పడితే ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి అక్షర మార్పులు ప్రతి జీవిలో బోలెడు ఉంటాయి, పట్టించుకోనక్కర్లేదు. "వానలు" లో ఒక్క అక్షరం మారి "వాతలు" అయితే? వ్యాకరణం తప్పలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. ఇక రెండో అక్షరం "ర" జారిపోయిందనుకోండి. కణానికి మాటల మధ్య ఖాళీలు తెలియవు, మూడేసి లెక్కపెట్టడమే తెలుసు. కాబట్టి ఇలా చదువుతుంది: అకక ట్టినరై తుకువా నలుకా వాలి. జారింది ఒక్కటే, అక్కడి నుంచి చివరిదాకా అంతా గోల. ఈ గోలలో ఎక్కడో ఒకచోట "ఇక ఆపు" అని అర్థమొచ్చే మూడక్షరాలు తగులుతాయి, ప్రొటీన్ సగంలోనే తెగిపోతుంది.

కన్ను చెడిన మొక్కలను వరస పెట్టి పట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో. ఆవ కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ అనే జానెడు కలుపు మొక్క ఆరు వారాల్లో విత్తు నుంచి విత్తుకు వస్తుంది, అందుకే జన్యు శాస్త్రవేత్తలకు అదంటే ప్రాణం. మార్టెన్ కోర్నీఫ్, ఆయన సహచరులు దాని గింజల్లో ఉత్పరివర్తనాలు పుట్టించి, మొలకలను మంచి వెలుతురులో పెంచి, వేలల్లో ఏరారు. వాళ్లు వెతికింది ఒక్కటే లక్షణం: అంత వెలుతురులోనూ చీకట్లో ఉన్నట్టు కాడ సాగిన మొలక. 1980లో అలాంటివి ఐదు రకాలున్నాయని ప్రచురించారు, హెచ్‌వై-1 నుంచి హెచ్‌వై-5 దాకా. నాకు ఈ ప్రయోగమంటే ఇష్టం. ఖరీదైన యంత్రం లేదు. కంటితో చూసి, "ఇదెందుకు పొడుగ్గా ఉంది?" అని అడిగారు, అంతే. గట్టు మీద చిన్నబాపు చేసిందీ అదే.

ఆ ఐదింటిలో తప్పు ఒకేచోట లేదు. మూడోదానిలో ఫైటోక్రోమ్ బి ప్రొటీనే పాడైంది, ఆ సంగతి 1993లో తేలింది. ఒకటి, రెండు రకాల్లో ప్రొటీన్ బాగానే ఉంది, దానిలో పెట్టాల్సిన రంగు తయారు కావడం లేదు. హీమ్‌ను విరిచే ఎంజైము ఒకదాంట్లో, బిలివెర్డిన్‌ను మార్చే ఎంజైము ఇంకోదాంట్లో దెబ్బతిన్నాయి. కంటి గూడు ఉంది, పాప లేదు. నాలుగోది నీలం వెలుతురును చూసే వేరే కన్ను. ఐదోదానిలో కళ్లన్నీ మంచివే, అవి పంపిన కబురును అందుకుని జన్యువులను నడిపించే ప్రొటీన్ లేదు. పొడుగు కాడ అనే ఒక్క లక్షణం వెనక ఇన్ని కథలు. అందుకే "ఆ మొక్కకు మ్యుటేషన్ వచ్చిందట" అనే వార్తలు చదివినప్పుడు నాకు తృప్తి ఉండదు. ఎక్కడ వచ్చింది, కంట్లోనా, పాపలోనా, కబురు మోసేవాడిలోనా అన్నది చెప్పకపోతే చెప్పనట్టే.

మన పంటలకు దగ్గరి కథ జొన్నది. జొన్న మూలం ఆఫ్రికా, మన దక్కనులోనూ వేల ఏళ్ల కాపురం. ఉష్ణమండలపు జొన్నలు రాత్రి పెద్దదైతేనే కంకి వేస్తాయి. వీటిని తీసుకెళ్లి అమెరికాలోని టెక్సస్‌లో వేసవిలో వేస్తే పగలు 14 గంటలు దాటి ఉండటంతో కంకి సంగతి మరిచి ఆకాశానికి ఎదుగుతాయి. 1963లో అక్కడ ఒక పెద్ద కార్యక్రమం మొదలైంది. మన జొన్నల్లాంటివాటిని చిన్న పగళ్లుండే ప్యూర్టోరికో దీవిలో సంకరం చేసి, పుట్టిన బిడ్డల్లో పెద్ద పగటిలోనూ త్వరగా పూసేవాటిని టెక్సస్‌లో ఏరి, మళ్లీ మళ్లీ కలిపారు. పూత కాలాన్ని నిర్ణయించే జన్యువులకు జొన్నలో ఎంఏ-1, ఎంఏ-2 అని వరసగా పేర్లున్నాయి. ఈ వరసలో మూడోదానికి ఒక చిత్రమైన రూపం ఉంది. అది ఉన్న జొన్న పెద్ద పగటిలోనూ తొందరగా పూస్తుంది. అంతేకాక కాడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది, పిలకలు తక్కువ. ఎండలో నిలబడి కూడా నీడలో ఉన్న మొక్క లాగే ఉంటుంది.

ఆ గుణాలన్నీ కలిపి చూస్తే అనుమానం ఎటు పోతుందో మీకూ తెలిసే ఉంటుంది. 1997లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు ఆ జన్యువును చదివి చూస్తే అది ఫైటోక్రోమ్ బి జన్యువే. చిత్రమైన రూపంలో అక్షరాల లెక్క తప్పి, ముందుగానే ఆపు గుర్తు వచ్చి, ప్రొటీన్ తెగిపోతోంది. మన "అకక ట్టినరై" అచ్చంగా.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. కన్ను పోతే మొక్క పూయడం మానేయాలి కదా, ముందే ఎందుకు పూస్తుంది? ఎందుకంటే ఈ కన్ను చెప్పేది "పూయి" అని కాదు, "ఆగు" అని. పగలు పెద్దగా ఉన్నన్నాళ్లూ ఫైటోక్రోమ్ బి పూతకు అడ్డం నిలబడుతుంది. రాత్రి పెద్దదయ్యాక అడ్డు తొలగుతుంది. కన్నే లేని జొన్నకు అడ్డు చెప్పేవాళ్లే లేరు. కందిలోనూ లెక్క ఇదే అయితే, చిన్నబాపు స్తంభం కింద కన్ను తెగిన కంది చెట్టు ఒకటి ఉండి ఉంటే అది దీపాన్ని లక్ష్యపెట్టకుండా పూసేది. చూపున్నవి మోసపోయిన చోట గుడ్డిది గెలిచేది.

వరిలో ఇంకా మొండి కేసు ఉంది. ఎస్‌ఈ-5 అనే ఉత్పరివర్తనంలో హీమ్‌ను విరిచే ఎంజైము పోయిందని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అరబిడోప్సిస్ హెచ్‌వై-1లో పోయిందీ అదే ఎంజైము. వరిలో ఫైటోక్రోమ్‌లు మూడు: ఎ, బి, సి. పాప తయారీ ఆగిపోతే మూడు కళ్లూ ఒకేసారి పోతాయి. ఆ వరికి రోజు చిన్నదైనా పెద్దదైనా ఒకటే, ఎప్పుడైనా త్వరగా పూస్తుంది.

తప్పు అటువైపు కూడా జరగొచ్చు. కన్ను పోవడానికి బదులు మూతపడకుండా తెరుచుకునే ఉండిపోవచ్చు. ఫైటోక్రోమ్ బిలో 276వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, రంగు పదార్థానికి పక్కనే. దాని స్థానంలో హిస్టిడిన్ వస్తే ప్రొటీన్ వెలుతురు ఉన్నా లేకున్నా పని మీదున్న స్థితిలోనే బిగుసుకుపోతుందని 2007లో క్లార్క్ లగారియాస్ ప్రయోగశాల చూపింది. డీఎన్‌ఏ భాషలో టైరోసిన్ మాట టి-ఎ-టి లేదా టి-ఎ-సి, హిస్టిడిన్ మాట సి-ఎ-టి లేదా సి-ఎ-సి. మొదటి అక్షరం టి కాస్తా సి అయితే చాలు. వానలు వాతలైనట్టే. వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలున్న ప్రొటీన్‌లో ఒక్కటి మారితే మొక్కకు రాత్రే లేకుండా పోతుంది. కటిక చీకట్లో మొలిపించినా ఆ మొలక కాడ పొట్టిగానే ఉంచి, ఆకులు విప్పుకుని కూర్చుంటుంది.

విప్పుకున్నా ఆకులు పచ్చబడవు. పూల మొక్కల్లో పత్రహరితం తయారీలో ఒక మెట్టుకు నిజమైన వెలుతురు పడి తీరాలి. కబురు అబద్ధపుదైనా మొక్క నమ్మి వంటిల్లు తెరిచింది, పొయ్యిలోకి కట్టెల్లేవు. తిండి వేరు, కబురు వేరు అని మొదట అన్నాను కదా, దానికి ఇంతకంటే సూటి రుజువు నాకు తెలియదు.

ఈ కోవలోనే కబురు మోసేవాడి దగ్గర జరిగే తప్పు టమాటలో ఉంది. చీకట్లో వెలుతురు పనులను తొక్కిపట్టి ఉంచే ప్రొటీన్ ఒకటుంది, పేరు డీఈటీ-1. దాన్ని జోఆన్ కోరీ, ఆమె సహచరులు 1989లో అరబిడోప్సిస్‌లో గుర్తించారు. అది బలహీనపడిన టమాట రకాలు కొద్ది వెలుతురుకే అతిగా స్పందిస్తాయి, కాయలో ఎరుపు రంగు మామూలు కంటే ఎక్కువగా చేరుతుంది. చెట్టు పొట్టిగా, గిడసబారి ఉంటుంది. లాభం ఒకచోట, నష్టం ఇంకోచోట. జొన్నలోనూ అంతే, త్వరగా కంకి వచ్చింది గానీ కాడ సన్నబడింది. కంటితో ఆడుకుంటే ఒక్క గుణమే మారదు. ఆ ఒక్క కన్ను చెప్పిన మాట మీద మొక్కలో వందల పనులు నడుస్తుంటాయి.

ఇప్పుడు మక్క ప్రశ్నకు వద్దాం. మక్క మూలం మెక్సికో, అక్కడి అడవి తాతలు కూడా రాత్రి పెద్దదైతేనే పూసేవి. మనిషి దాన్ని వేల ఏళ్ల పాటు ఉత్తరానికి, పెద్ద పగళ్ల దేశాలకు మోసుకుపోయాడు. పెద్ద పగటిలో పూత ఆపే జన్యువు ఒకటి మక్కలో ఉంది, దాని పేరు సీసీటీ. ఎగిరే జన్యువు ఒకటి, డీఎన్‌ఏలో చోటు మార్చే ముక్క, వచ్చి సరిగ్గా దాని ముందు భాగంలో కూలబడింది. దాంతో ఆ జన్యువు గొంతు పడిపోయిందని, అది ఉన్న మక్క రోజు పొడుగును అంతగా పట్టించుకోదని 2013లో తేలింది. కన్ను బాగానే ఉంది, చూస్తూనే ఉంది. కన్ను చెప్పిన "ఆగు" వినాల్సినవాడు నిద్రపోయాడు. మన చేలలోని ప్రతి సంకర మక్కలోనూ ఈ ఒక్క మార్పే ఉందని కాదు, ఇలాంటి మార్పులు అనేకం రైతుల చేతుల్లో, పరిశోధన క్షేత్రాల్లో పోగుపడ్డాయి. వానకాలం వేసినా యాసంగి వేసినా మక్క ఇంచుమించు రోజుల లెక్క ప్రకారం కంకికి రావడం వెనక కథ ఇది.

వరి కూడా అలాగే మారింది. ఎప్పుడు నాటినా ఒకే కాలానికి పొట్టకొచ్చే పాత రకాలు పోయి, రోజు పొడుగుతో పనిలేని రకాలు వచ్చాయి. 1966లో వచ్చిన ఐఆర్-8 వాటిలో పేరుమోసింది. దాని పొట్టి కాడ గురించి అందరూ చెబుతారు. పొద్దును పట్టించుకోకపోవడం గురించి ఎవరూ చెప్పరు, నా లెక్కలో అదీ అంతే పెద్ద సంగతి. ఏడాదికి రెండు కార్లు వరి కోసే ప్రతి మడిలో ఆ గుడ్డితనం పనిచేస్తోంది.

కంది మాత్రం చాలావరకు పాత చూపునే ఉంచుకుంది. జూన్‌లో వేస్తే మనిషెత్తు పెరుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో యాసంగికి వేస్తే రాత్రులు అప్పటికే పెద్దవి కాబట్టి నడుము ఎత్తుకైనా రాకముందే పూతకు దిగుతుంది. అందుకే యాసంగి కందిని దగ్గర దగ్గర సాళ్లలో వేయమంటారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి చోట్ల తెచ్చిన స్వల్పకాలిక రకాల్లో ఈ పట్టింపు తక్కువ, దీర్ఘకాలిక రకాల్లో ఎక్కువ. మా ఊళ్లో వేసేది రెండో కోవదే.

ఇదంతా ఆ రాత్రి అన్నం తింటూ చిన్నబాపుకు చెప్పాను, లగారియాస్ పేరు తప్ప. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఐతే ఆ చెట్లకు రోగం లేదంటవ్?"

"లేదు. మంచి చూపే ఉన్నది. దీపమే అబద్ధం చెప్తుంది."

సంక్రాంతికి మళ్లీ వెళ్లేసరికి మిగతా కంది కోసి కుప్ప వేశారు. స్తంభం కింది చెట్లను కొట్టేసి కట్టెలు కొట్టం పక్కన పేర్చారు. దీపానికి వెనక వైపు రేకు ముక్క కట్టి వెలుతురు రోడ్డు మీదికే పడేలా చేయించుకోవచ్చని సలహా ఇచ్చాను. "దానికి ఎవల కాళ్లు మొక్కాలె బిడ్డా" అని చేయి విసిరాడు.

ఈ వానకాలం ఎకరంన్నరలో మళ్లీ పత్తి, కంది సాళ్లే. స్తంభం చుట్టూ ఉన్న రెండు గుంటల్లో మాత్రం మక్క పెట్టాడు.